ఇద్దరం కలిసి గిటార్ వాయిస్తే గోలగా వస్తోంది. బర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బోర్న్ అనే ఇద్దరు గిటారిస్టుల ‘బర్ట్ అండ్ జాన్’ ఆల్బమ్ వినమన్నారు. అందులో ఏం వినాలి?

మీరూ మీ తమ్ముడూ కలిసి వాయిస్తే గోలగా ఉంటోందని, ఈ ఆల్బమ్ విన్నా ఎవరు ఏం వాయిస్తున్నారో తెలియలేదని రాశారు. మొదటిసారి విన్నప్పుడు నాకూ అంతే.

ఇద్దరు కలిసి వాయిస్తారనగానే మనకు జుగల్బందీ గుర్తొస్తుంది. ఒకరు ఒక సంగతి వేస్తారు, రెండోవారు బదులిస్తారు. నేనూ అదే వస్తుందని ఎదురుచూశాను. ఇందులో అలాంటిది తక్కువ. ఇద్దరూ ఒకేసారి వాయిస్తూ ఉంటారు. జడలో పాయల్లాగా ఒకటి పైకొస్తే ఇంకొకటి కిందికి పోతుంది. కాబట్టి ‘లీడ్ ఎవరిది’, అంటే ముఖ్యమైన బాణీ ఎవరు వాయిస్తున్నారు అని వెతకడం మానేయండి. నాకు ఆ వెతుకులాట ఆగాకే ఆల్బమ్ నచ్చింది.

బర్ట్ జాన్ష్ గ్లాస్గోలో పుట్టి ఎడిన్‌బరాలో పెరిగినవాడు. జాన్ రెన్‌బోర్న్ లండన్‌వాడు. అప్పట్లో ఇద్దరూ లండన్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. రికార్డింగ్ చేసే బిల్ లీడర్ ఆ ఇంట్లోనే టేప్ పెట్టి రికార్డు చేశాడు, ట్రాన్స్‌అట్లాంటిక్ కంపెనీ 1966లో విడుదల చేసింది. మొత్తం 12 ముక్కలు, 26 నిమిషాలు. పాడినవి రెండే. మరుసటి ఏడాది ఈ ఇద్దరూ మరో ముగ్గురితో కలిసి ‘పెంటాంగిల్’ బృందం కట్టారు. రోజూ ఒకే గదిలో కూర్చుని వాయించుకున్న చనువు ఇందులో వినిపిస్తుందని నా నమ్మకం.

చెవికి తేడా దొరకాలంటే తీగ మీద దెబ్బ వినండి. బర్ట్ తీగను గట్టిగా లాగి వదులుతాడు, టప్పున మోగుతుంది. జాన్ గిటార్ స్వరం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ముందు ‘ద టైమ్ హాజ్ కమ్’ వినండి. అది ఇంగ్లిష్ జానపద గాయని ఆన్ బ్రిగ్స్ రాసిన పాట. గొంతు ఉంది కాబట్టి దారి తప్పరు. ఆ తర్వాత ‘గుడ్‌బై పోర్క్ పై హ్యాట్’. సాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ 1959లో చనిపోతే, ఆయన జ్ఞాపకంగా చార్లెస్ మింగస్ కట్టిన జాజ్ బాణీ అది. సాక్సఫోన్లు మోసిన దుఃఖాన్ని ఇక్కడ రెండు గిటార్లే మోస్తాయి. నేను ఎక్కువసార్లు విన్నది అదే.

ఇక మీ గోల సంగతి. హాస్టల్లో నేనూ నా రూమ్మేటూ ఇద్దరం జీ, సీ, డీ కార్డ్స్ ఓపెన్‌గా పట్టి ఒకేలా స్ట్రమ్ చేసేవాళ్లం. శబ్దం పెరిగేది తప్ప సంగీతం పెరిగేది కాదు. తర్వాత రెండు మార్పులు చేశాం.

వాడు 5వ ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీద ఐదో గడిలో) కేపో పెట్టాడు, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు. నేను జీ, సీ, డీ పట్టినప్పుడు వాడు డీ, జీ, ఏ ఆకారాలు పట్టేవాడు. కార్డ్ అదే, కానీ వాడి గిటార్ నాకంటే పైన మోగేది. ఒకరినొకరు తొక్కుకోవడం ఆ ఒక్క రోజులోనే చాలా తగ్గింది.

రెండోది కష్టం. వేళ్లతో ఒక్కో తీగా మీటే ఫింగర్ పికింగ్‌లో బొటనవేలు లావుపాటి బేస్ తీగల మీద దానంతటదే నడుస్తుంది కదా, ఇద్దరి బొటనవేళ్లూ నడిస్తే కింద అంతా బురద. అందుకని ఒకరు బేస్ పట్టుకుంటే రెండోవారు సన్నటి మూడు తీగలు దాటి బేస్ వైపు రాకూడదని పెట్టుకున్నాం. చెయ్యి వద్దన్నా పోతుంది. మాకు నెల పట్టింది.

ఆల్బమ్‌లోని ముక్కల్ని వెంటనే నేర్చుకోవాలని చూడకండి, చాలా కష్టమైనవి. మీకు బాగా వచ్చిన ఒక చిన్న పాట తీసుకుని, ఈ రెండు మార్పులతో వాయించి, ఫోన్‌లో రికార్డు చేయండి. విన్నప్పుడు తమ్ముడి గిటార్ మీకు స్పష్టంగా వినిపించని చోటల్లా మీరు ఒక్కో స్వరం తగ్గించి మళ్లీ వాయించండి.