స్కాన్‌లో 'లింఫ్ గ్రంథులు పెరిగాయి' అంటే ఒళ్లంతా పాకినట్టేనా?

మీ అమ్మగారికి అండాశయ క్యాన్సర్ అని తేలిందనీ, స్కాన్ రిపోర్టులో లింఫ్ గ్రంథులు (ఒంట్లో ఊరే లింఫ్ అనే నీటిని వడకట్టే చిన్న గ్రంథులు) పెరిగాయని ఉండడంతో జబ్బు ఒళ్లంతా పాకిందేమోనని నిద్ర పట్టడం లేదనీ రాశారు. నేను డాక్టరును కాను. మాది కావలి, ఇదే జబ్బుతో మా అమ్మ వెంట ఆసుపత్రులు తిరిగినప్పుడు అడిగి తెలుసుకున్నది చెబుతున్నాను.

అమ్మకు లంగా బొందు ముడి వేశాక జానెడు మిగిలేది; రెండు నెలల్లో ముడికే కొసలు అందకుండా పోయాయి. గ్యాస్ అనుకుని బిళ్లలు మింగించాం. నెల్లూరులో స్కాన్ తీయిస్తే కడుపులో నీరు, బృహద్ధమని (గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం) పక్కన పెరిగిన గ్రంథులు కనిపించాయి. గజ్జల్లో బిళ్ల కట్టకుండానే అంత పైకి ఎలా చేరిందని ఆపరేషన్ డాక్టరుగారిని అడిగాను. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగా అండాశయాలు మూత్రపిండాల దగ్గర పుట్టి, తమ రక్తనాళాలనూ లింఫ్ నాళాలనూ వెంటబెట్టుకుని కిందికి దిగుతాయనీ, అందుకే అక్కడి లింఫ్ తిరిగి పైకే, మూత్రపిండాల ఎత్తున బృహద్ధమని చుట్టూ ఉన్న గ్రంథులకు వెళుతుందనీ ఆయన వివరించారు. కటిలోని, అంటే నడుము కింది ఎముకల గూటిలోని గ్రంథులకు రెండో దారి ఉంది. గజ్జలకు వెళ్లే మూడో దారిన వ్యాపించడం అరుదు. కాబట్టి ఆ గ్రంథులు అండాశయానికి దూరపు చుట్టాలు కావు, అవి దాని సొంత కాలువ చివర ఉన్నవే.

నిజానికి ఈ జబ్బు ఎక్కువగా పాకేది కడుపులోని పొరల మీదుగానే. అండాశయం నుంచి రాలిన క్యాన్సర్ కణాలు డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర) కింది లింఫ్ నాళాలను మూసేస్తే, గుర్రపుడెక్క అడ్డుపడిన మురుగు కాలువలాగా, నీరు బయటికి పోలేక కడుపులో నిలుస్తుంది.

ఫిగో అనే అంతర్జాతీయ స్త్రీవైద్య నిపుణుల సమాఖ్య 2014లో ఇచ్చిన దశల వర్గీకరణ ప్రకారం, కటిలోనూ బృహద్ధమని పక్కనా ఉన్న గ్రంథులకు చేరితే కనీసం మూడో దశ. గజ్జల్లోని గ్రంథులకు గానీ, పొట్ట దాటి ఛాతీ, మెడ గ్రంథులకు గానీ చేరితే నాలుగోది. అందువల్ల ఏ చోటి గ్రంథి, ఎన్ని మిల్లీమీటర్లు అని తప్పకుండా అడగండి. పెరిగిన ప్రతి గ్రంథీ క్యాన్సర్ కాదు, క్షయలోనూ పెరుగుతాయి. మామూలుగా కనిపించే గ్రంథిలో కణాలు దాగి ఉండవచ్చు కూడా. 2019లో వెలువడిన, ముదిరిన అండాశయ క్యాన్సర్ ఉన్న 647 మంది మహిళల అధ్యయనంలో, మామూలుగా కనిపించిన గ్రంథులను సుమారు సగం మందికి తీసి పరీక్షిస్తే, వారిలో సగానికి పైగా మహిళల్లో క్యాన్సర్ కణాలు దొరికాయి. అయినా వాటిని తీసివేసినందువల్ల ఆయుష్షు పెరగలేదు, ఇబ్బందులు మాత్రం పెరిగాయి. పెరిగిన గ్రంథుల సంగతి వేరు, అది మీ డాక్టరు తేల్చవలసినది.

అమ్మకు ముందు కీమో ఇచ్చారు. మొదటి స్కాన్‌లో 14 మిల్లీమీటర్లున్న గ్రంథి మూడు విడతల తర్వాత 6కు తగ్గింది, ఆపరేషన్ ఆ తర్వాతే చేశారు. పాత ఫిల్ములను పారేయకండి; ప్రతిసారీ వాటితో పోల్చి చూస్తారు.