పరధ్యానంగా నడిచి చూడు

చిరంజీవికి,

ఉత్తరం అందింది. కథ మూడో పేజీ దగ్గర ఆగిపోయిందని, ఇరవై రోజులుగా కుర్చీకి అతుక్కుపోయినా ఒక్క వాక్యం కదలడం లేదని రాశావు. ఇక కూర్చోకు. దగ్గర్లో అడవి ఉంటే వెళ్లి నడువు.

కథ గురించి ఆలోచిస్తూ నడవమని కాదు నేను చెప్పేది. అక్కడే నేనూ పప్పులో కాలేశాను. జేబులో నోట్‌బుక్, బుర్రలో ప్లాటు పెట్టుకుని బయల్దేరేవాణ్ణి. పదడుగులకోసారి ‘ఏమైనా తట్టిందా’ అని నన్ను నేనే నిలదీసుకునేవాణ్ణి. ఏదీ తట్టేది కాదు, టెన్షన్ మాత్రం పెరిగేది.

ఒకరోజు విసుగొచ్చి కథని గాలికొదిలేశాను. ముందురాత్రి వాన పడింది. తడిసిన ఎండుటాకులు కాలికింద చప్పుడు చేయడం లేదు. దారికడ్డంగా పడిన మాను మీద ఒక చీమ తనకంటే పెద్దదైన రెక్కముక్కని మోసుకుపోతోంది. గాలి వీచినప్పుడల్లా ఆ రెక్క తెరచాపలా లేచి చీమని పక్కకి లాగేస్తోంది. చూస్తూ ఉంటే, తడి దుప్పటి ఆరేస్తూ గాలితో పోట్లాడే అమ్మ గుర్తొచ్చింది. దుప్పటి వెనకాల నాన్న దగ్గు. ఎవరితో ఏం చెప్పాలన్నా ముందు దగ్గేవాడు ఆయన. అంతే, నా కథలో ఆరు వారాలుగా మూగగా కూర్చున్న తండ్రి గొంతు సవరించుకున్నాడు.

ఇందులో మహిమేం లేదు. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అచ్చువేసిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు కొత్త ఊహలు సగటున 60 శాతం ఎక్కువగా వచ్చాయి. గోడకెదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా వచ్చాయి. ఒకే సరైన జవాబున్న ప్రశ్నలకి మాత్రం నడక కలిసిరాలేదు. కాబట్టి తప్పులు దిద్దుకోవడం ఇంట్లో కూర్చునే చెయ్యి.

ట్రెడ్‌మిల్ చాలితే అడవి దేనికంటావా? రోడ్డు మీద ప్రతి హారనూ ప్రతి బోర్డూ నిన్ను పిలుస్తుంది. చెట్లు పిలవవు. ఇది నా అభిప్రాయం, ఆ పరిశోధకులది కాదు.

డార్విన్ తన ఇంటిదగ్గర తాను నాటించిన చిన్న వనం చుట్టూ రోజూ నడిచేవాడు. మలుపు దగ్గర చెకుముకి రాళ్లు పేర్చి, చుట్టుకొకటి చొప్పున తన్నేసేవాడు. ఎన్ని చుట్లయ్యాయో రాళ్లే చెబుతాయి, బుర్రకి ఆ పనీ తప్పింది! నువ్వూ అడుగులు లెక్కపెట్టే యాప్ ఆపేసెయ్.

అలాగని ఖాళీ బుర్రతో వెళ్తే కాళ్లనొప్పులే మిగులుతాయి. గణితవేత్త హామిల్టన్‌కి 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లో కాలవ గట్టున భార్యతో నడుస్తుండగా క్వాటర్నియన్లనే కొత్తరకం సంఖ్యల సూత్రం తట్టింది. దాని వెనక ఏళ్ల కుస్తీ ఉంది. ఆ నెలలో రోజూ టిఫిన్ దగ్గర పిల్లలే ‘లెక్క తేలిందా నాన్నా’ అన్నట్టు అడిగేవారట. నీ ఇరవై రోజులూ వృథా కాలేదని అందుకే అంటున్నాను. అన్నట్టు, ఆయన ఆ సూత్రాన్ని అక్కడికక్కడే వంతెన రాతి మీద చాకుతో చెక్కేశాడు. నేనేమో ‘ఇంటికెళ్లి రాద్దాంలే’ అనుకుని పోగొట్టుకున్న వాక్యాలకు లెక్కలేదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో ఉంచుకో. వాక్యం వస్తే గొంతు రికార్డ్ చేసి మళ్లీ జేబులో పడెయ్.

కొత్త దారైతే మలుపులు గుర్తుపెట్టుకో. పరధ్యానంలో ఒకసారి దారి తప్పి, బాగా చీకటిపడ్డాక బయటపడ్డాను. ఆ రోజు ఒక్క ఊహా రాలేదు.

నాలుగో పేజీ రాయగానే పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు