సెలవు రోజున కూడా తీరని అలసట: ఒక ప్రధానోపాధ్యాయురాలి ప్రశ్న

ప్రశ్న: నా వయసు 49. గాజువాక ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో రెండేళ్లుగా ప్రధానోపాధ్యాయురాలిగా పని చేస్తున్నాను. అంతకుముందు ఇరవై ఏళ్లు లెక్కల టీచరుగా ఎంతో ఇష్టంగా పాఠాలు చెప్పాను. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. ఆదివారం సాయంత్రమైతే గుండె దడ మొదలవుతుంది. చిన్న విషయాలకే టీచర్ల మీద విసుక్కుంటున్నాను, పిల్లలు ఏదైనా చెప్పుకోవడానికి వచ్చినా మనసు పెట్టి వినలేకపోతున్నాను. ఇదే హోదాలో ఉన్న మగవారు ఇంతగా నలిగిపోతున్నట్లు కనిపించదు. ఇది నా బలహీనతేనా? స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోమని ఇంట్లో అంటున్నారు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: బలహీనత కాదమ్మా. మీరు చెప్పిన లక్షణాలు చాలావరకు బర్న్‌అవుట్‌ను, అంటే ఉద్యోగపు ఒత్తిడి ఏళ్ల తరబడి తెరిపి లేకుండా సాగడం వల్ల మనిషిలోని శక్తి హరించుకుపోయే స్థితిని సూచిస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న వ్యాధుల వర్గీకరణలో దీన్ని జబ్బుగా కాకుండా వృత్తికి సంబంధించిన పరిస్థితిగా పేర్కొని, మూడు గుర్తులు చెప్పింది: తీరని నీరసం, పని మీద విముఖత, చేసిన పనికి ఫలితం లేదన్న భావన. పిల్లల మాట వినలేకపోతున్నానని మీరు బాధపడుతున్నది ఆ రెండో గుర్తు గురించే. మీలో ప్రేమ తగ్గిందని దానికి అర్థం కాదు.

అయినా అంతా మనసుదేనని ముందే తీర్మానించకూడదు. మీ వయసులో నెలసరి ఆగే దశకు చేరువయ్యే కొద్దీ నిద్ర చెడటం, గుండె దడ, చిరాకు సహజంగానే రావచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపాలు, విటమిన్ బి12 కొరత కూడా ఇలాగే కనిపిస్తాయి. అందువల్ల ఈ వారంలోనే హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12, షుగర్ పరీక్షలు చేయించుకుని, రక్తపోటు చూపించుకుని, దడ ఉంది కాబట్టి ఈసీజీ కూడా తీయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువగా ఉంటే దానికి చికిత్స చేయకుండా విశ్రాంతి తీసుకోమని మాత్రమే చెప్పడం సరికాదు.

మగవారి సంగతి అడిగారు. ఈ విషయంపై జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూస్తే స్త్రీలలో మానసిక అలసట కొంచెం ఎక్కువగా, పురుషులలో ఎవరితోనూ అంటీముట్టనట్లు మసలుకోవడం కొంచెం ఎక్కువగా కనిపించాయి. తేడా పెద్దది కాదు. వారు పడే బాధ బయటికి మరోలా కనిపిస్తుందంతే. పెద్ద తేడా ఇంట్లో ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనుల్లో పాల్గొనే స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లలో ఎక్కించాల్సిన ఫొటోలు, మండల విద్యాశాఖాధికారి అడిగే నివేదికలు ముగించుకుని ఇల్లు చేరాక మీకు రెండో ఉద్యోగం మొదలవుతోంది.

మీ ఉత్తరంలో మీరు నేరుగా రాయని లోటు ఒకటి నాకు కనిపించింది. టీచరుగా ఉన్నప్పుడు మీకు స్టాఫ్ రూమ్ ఉండేది. పదోన్నతితో వేరే గది వచ్చింది, కష్టం చెప్పుకునే తోటివారు దూరమయ్యారు. తోడ్పాటు ఒకటే రకం కాదు. ఓదార్చేవారు, చేతిలో ఉన్న పని పంచుకునేవారు, దారి చూపేవారు, మన పని బాగుందో లేదో నిజాయితీగా చెప్పేవారు వేర్వేరుగా అవసరమవుతారు. మానేయమని ఇంట్లోవారు అనడంలో ప్రేమ ఉంది, కానీ అలా అన్నంత మాత్రాన మీ బడి లెక్కలు పూర్తి కావు, వంటగదిలో పని తగ్గదు. కాబట్టి ఇంట్లో సానుభూతి కాదు, పనిలో వాటా అడగండి: ఉదయపు టిఫిను, కరెంటు బిల్లు, సంతకు వెళ్లడం వంటివి పేరుపేరునా అప్పగించి, వారు ఎలా చేసినా సరిదిద్దకుండా వదిలేయండి. బడిలో యాప్‌ల పనిని ఇద్దరు సహాయకులకు రాతపూర్వకంగా అప్పగించండి. దగ్గరి మండలాల్లోని ఇద్దరు ముగ్గురు ప్రధానోపాధ్యాయినులతో నెలకోసారి కలిసి కూర్చునే ఏర్పాటు చేసుకోండి. ఇది నా దగ్గరికి వచ్చే చాలామందికి మందుల కంటే ఎక్కువ మేలు చేసింది.

పదవీ విరమణ నిర్ణయం ఇప్పుడు వద్దు. నిద్ర లేని మనసు తీసుకునే నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం. ముందు రెండు వారాలు సెలవు పెట్టి, ఆ రోజుల్లో మిమ్మల్ని మీరు గమనించుకోండి. బడికి దూరంగా ఉన్నా ఇష్టమైనవేవీ రుచించకపోతే, ఆకలి చచ్చిపోతే అది కుంగుబాటు కావచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గానీ, మీకు తెలిసిన సైకియాట్రిస్టు దగ్గర గానీ చూపించుకోవడానికి సంకోచించవద్దు. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఆ సేవ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే మాత్రం దాన్ని ఒత్తిడి అనుకోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.