ఉప్పు, పసుపుతో కడిగితే సరిపోతుందా?

ప్రశ్న: ఆదివారం పొద్దున రెండు కిలోల మటన్ తెచ్చాం. ఒక కిలో వండి, ఒక కిలో ఫ్రిజ్ కింది అరలో పెట్టాను. సోమవారం రాత్రి పదింటికి పోయిన కరెంటు తెల్లారి ఆరింటికి వచ్చింది. మంగళవారం చూస్తే ముక్కలు గోధుమ రంగుకు తిరిగాయి, కొంచెం వాసన కూడా ఉంది. ఉప్పు, పసుపు వేసి కడిగితే పోతుందని మా అత్తమ్మ అంటుంది. పిల్లలకు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, మిర్యాలగూడ

జవాబు: వండకండమ్మా. ఈ జవాబు మీ చేతికి వచ్చేసరికి ఆ కూర సంగతి ఎటో ఒకటి తేలిపోయి ఉంటుంది. ఎండాకాలం కరెంటు మళ్లీ పోతుంది కాబట్టి వివరంగా చెబుతాను.

రంగు చూసి భయపడక్కర్లేదు. గాలి తగిలితే మంచి మాంసం కూడా గోధుమ రంగుకు తిరుగుతుంది. నన్ను భయపెట్టింది ఆ ఎనిమిది గంటలు. తలుపు తెరవకపోతే ఫ్రిజ్ చల్లదనం నాలుగు గంటల దాకా ఆగుతుంది. ఆ తర్వాత మాంసం బయట పెట్టినట్టే. పచ్చి మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, మన ఎండల్లో అయితే ఒక్క గంటే.

నేను పశువైద్యుడిగా దేవరకొండ వైపు పనిచేసినప్పుడు అనుమానం వచ్చిన మాంసంలో ఎముక పక్కన కత్తి దించి, బయటికి తీసి ఆ కత్తిని వాసన చూసేవాణ్ణి. పైన బాగానే ఉండి లోపల పాడైన తొడలు ఎన్నో చూశాను. ఇంట్లో అయితే ముక్కను రెండు వేళ్లతో పట్టి వదలండి. వేళ్ల మధ్య జిగురు సాగిందంటే పారేయాల్సిందే. అయితే వాసన, జిగురు లేనంత మాత్రాన మంచిదని కాదు. సాల్మొనెల్లా లాంటి రోగక్రిములు ఉన్నా ముక్కు పసిగట్టలేదు.

కడిగితే పైవాసన తగ్గుతుంది కానీ, లోపలికి పాకింది పోదు. కొన్ని సూక్ష్మక్రిములు వదిలే విషం కుక్కర్లో ఎన్ని విజిళ్లు వచ్చినా విరగదు. పైగా కడిగిన నీళ్లు సింకు నిండా చిమ్ముతాయి.

మీ అత్తమ్మ చెప్పింది వట్టి మాట కాదు. ఉప్పు, పసుపు పట్టించి ఒట్టి తునకలు చేయడం మా అమ్మ దగ్గర చూశాను. యాటను కోసిన పూటే సన్నగా చీరి, దండెం మీద ఆరేసి, కాకులు రాకుండా మమ్మల్ని కాపలా పెట్టేది. అదంతా తాజా కూరకు చేసే పని. వాసన పట్టిన కూరకు ఆమె ఎన్నడూ పసుపు రాయలేదు. ఈ మాట అత్తమ్మతో నెమ్మదిగా చెప్పండి, ఆమెకూ గుర్తుకొస్తుంది.

ఇకమీదట రెండో కిలోను తెచ్చిన గంటలోపే చిన్న చిన్న పొట్లాలు కట్టి ఫ్రీజర్లో పెట్టండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకపోతే కరెంటు లేకున్నా రెండు రోజుల దాకా ఓర్చుకుంటుంది. కింది అరలో అయితే మటన్ ముక్కలకు మూడు రోజులు, చికెన్, ఖీమా, కార్జానికి ఒక్కరోజు లెక్క పెట్టుకోండి. వండే ముందురాత్రి పొట్లాన్ని ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించండి, గట్టు మీద వదిలేయకండి.