ఆగిన బండిని చూడటం నేర్చుకోండి

ప్రశ్న: స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ పూర్తిచేశాను. ఇళ్లకూ దుకాణాలకూ సరుకులు చేరవేసే సంస్థలో, 40 వ్యాన్ల నిర్వహణ చూసే విభాగంలో ఈమధ్యే చేరాను. ఖర్చు తగ్గే దారులు వెతకమని మా మేనేజర్ అన్నారు. నాకు డ్రైవింగ్ రాదు, మెకానిక్ పని తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇందులో ఎదుగుదల ఉంటుందా, లేక డేటా ఉద్యోగం చూసుకోవడం మేలా?

జవాబు: ఉన్నచోటే ఉండండి, కనీసం రెండేళ్లు. మీరు బయట వెతకాలనుకుంటున్న డేటా ఉద్యోగం మీ చేతిలోనే ఉంది. పెట్రోలు టెర్మినల్ నుంచి బంకులకు ట్యాంకర్లను ఏ వరుసలో పంపితే దూరం తగ్గుతుందన్న ప్రశ్నతో జార్జ్ డాంట్జిగ్, జాన్ రామ్సర్ 1959లో ఒక పరిశోధన పత్రం రాశారు. ఆ సమస్య మీద ఇవాళ్టికీ పని జరుగుతూనే ఉంది. ఎందుకంత కష్టమో మీకు చిటికెలో అర్థమవుతుంది: ఒకే వ్యాన్, 10 చిరునామాలు అనుకుంటే వాటిని 36,28,800 వరుసల్లో తిరగవచ్చు. మీకు వ్యాన్లే 40 ఉన్నాయి.

1964లో క్లార్క్, రైట్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతిని కాగితం మీద ఒకసారి చేసి చూడండి. రెండు చోట్లకు విడివిడిగా వెళ్లి రావడానికి బదులు ఒకే ట్రిప్పులో కలిపితే ఎంత దూరం మిగులుతుందో లెక్కకట్టి, ఎక్కువ మిగిలే జతలను ముందుగా కలుపుకుంటూ పోవడమే అందులోని కిటుకు. ఆ తర్వాత గూగుల్ ఉచితంగా ఇచ్చే ఓఆర్-టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో అదే పని కంప్యూటర్ మీద చేయవచ్చు.

అయితే మొదటి నెలలో సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లవద్దు. ఈ రంగంలోకి వచ్చే తెలివైన పిల్లలు చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. జీపీఎస్ మ్యాపు ముందు కూర్చుని కదిలే చుక్కలనే చూస్తారు. డెలివరీ వ్యాన్ రోజులో చాలాసేపు ఆగే ఉంటుంది. డబ్బు కారిపోయేది ఎక్కువగా అక్కడే.

ఒక వారం డ్రైవర్ పక్క సీట్లో కూర్చోండి. చేతిలో ఒక నోటుపుస్తకం చాలు. బండి ఆగిన సమయం, వెనక తలుపు తెరిచిన సమయం, పార్శిల్ చేతికి దొరికిన సమయం, సంతకం అయిన సమయం, బండి మళ్లీ కదిలిన సమయం రాసుకోండి. రెండో రోజుకే ఒక సంగతి కంటపడుతుంది: చివర దిగాల్సిన పెట్టెలు తలుపు దగ్గర, ముందు దిగాల్సినవి లోపలి మూలన. డ్రైవర్ వంగి, నాలుగు పెట్టెలు కింద పెట్టి, కావలసినది తీసి, మళ్లీ ఆ నాలుగూ సర్దుతాడు. దీనికి 3 నిమిషాలు పట్టిందనుకుందాం. రోజుకు 60 చోట్ల ఆగే వ్యాన్‌కు అది 3 గంటలు. ఏ రూటు ప్రోగ్రామూ ఈ 3 గంటలను మీకు మిగల్చలేదు. గోదాములో లోడింగ్ వరుసను తిరగేస్తే, అంటే చివర దిగేది ముందు ఎక్కిస్తే, మిగులుతాయి. ఉదయం గోదాము గేటు దగ్గర వ్యాన్లు ఎంతసేపు వరుసలో నిలబడుతున్నాయో కూడా రాయండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడితే అది ఇంధనం దండగ కూడా. పెద్ద డీజిల్ ట్రక్కు అలా గంటసేపు ఉంటే సుమారు 3 లీటర్లు తాగేస్తుంది.

రెండో పని, దేన్ని కొలవాలో తేల్చుకోవడం. కిలోమీటరుకు ఎంత ఖర్చయిందన్న అంకెను నమ్ముకోకండి. సగం ఖాళీగా దూరాలు తిరిగే వ్యాన్ ఆ లెక్కలో చవకగా కనబడుతుంది. సరుకు నిజంగా చేతికి అందిన ఒక్కో డెలివరీకి ఎంతయిందో చూడండి. తాళం వేసిన ఇంటికి వెళ్లి తిరిగి వచ్చిన ట్రిప్పు అప్పుడు బయటపడుతుంది, ఎందుకంటే దానికి రెండోసారి కూడా వెళ్లాలి. ముందురోజు ఒక ఫోను, సమయం ఎంచుకునే వీలు, సరైన గుర్తులున్న చిరునామా ఇలాంటి ట్రిప్పులను బాగా తగ్గిస్తాయి.

మైలేజీ అంకెలతో డ్రైవర్లకు ర్యాంకులు ఇవ్వవద్దు. ఇది గట్టిగానే చెబుతున్నాను. ఇరుకు వీధుల్లో 80 చోట్ల ఆగే డ్రైవర్‌నూ, హైవే మీద 6 చోట్ల ఆగే డ్రైవర్‌నూ ఒకే పట్టికలో పెట్టడం అన్యాయం. మీరు చదివిన స్టాటిస్టిక్స్ కూడా దాన్ని ఒప్పుకోదు. అదే రూటు, అదే బరువు, అదే రకం బండి అయితేనే పోల్చండి.

మెకానిక్ పని మీరు చేయనక్కర్లేదు, చూడటం వస్తే చాలు. టైరుతో మొదలుపెట్టండి. రెండు అంచులూ అరిగి మధ్య భాగం బాగుంటే గాలి తక్కువగా ఉంటోందని అర్థం. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ. ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, తప్పినట్టు. చల్లగా ఉన్న టైరులోనే గాలి చూడాలి, తిరిగొచ్చిన వెంటనే చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. సర్వీసింగ్‌ను తేదీని బట్టి మాత్రమే కాకుండా, తిరిగిన కిలోమీటర్లు, ఇంజిన్ నడిచిన గంటలను బట్టి కూడా వేయించండి. ఆగి ఆగి నడిచే బండికి మీటరు మీద కనబడని అరుగుదల ఉంటుంది. షెడ్డులో గడిపిన రోజులను కూడా ఖర్చు కింద రాయండి. ఏ బండిని ఎప్పుడు అమ్మేయాలో తేల్చడానికి ఆ లెక్కే కావాలి.

ఇక ఎదుగుదల సంగతి. ట్రాన్స్‌పోర్ట్ ప్లానర్, ఫ్లీట్ మేనేజర్, ఆపైన గోదాములు ఎక్కడెక్కడ ఉండాలో నిర్ణయించే నెట్‌వర్క్ డిజైన్, దారి ఇలా సాగుతుంది. 1919లో మొదలైన చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లాజిస్టిక్స్ అండ్ ట్రాన్స్‌పోర్ట్ చాలా దేశాల్లో కోర్సులు నడుపుతోంది. ఏడాది అనుభవం వచ్చాక వాటిని చూడండి. ఎలక్ట్రిక్ వ్యాన్లు వచ్చేకొద్దీ మీలాంటి వారి అవసరం పెరుగుతుంది. ఏ బండి ఎప్పుడు తిరిగొస్తుంది, ఎంతసేపు ఛార్జింగ్‌లో ఉండాలి, అన్నీ ఒకేసారి పెడితే కరెంటు లోడు ఎంత అన్నది కూడా షెడ్యూలులోకి వచ్చేస్తుంది.

డ్రైవింగ్ రాదన్నారు. ఈ ఏడాదే నేర్చుకుని లైసెన్సు తెచ్చుకోండి. గోదాము ఆవరణలో ఎవరైనా సీనియర్ డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, పూర్తిగా లోడున్న వ్యాన్‌ను ఒకసారి వెనక్కి తీసి చూడండి. ఆ మర్నాడు మీరు వేసే రూటులో, బండి తిరగడానికి చోటు లేని వీధి చివరి డెలివరీకి ఎన్ని నిమిషాలు కేటాయించాలో మీకే తెలుస్తుంది.