రాత్రిపూట మీరే దిద్దితే వాళ్లెప్పుడు నేర్చుకుంటారు?

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కోడ్ బాగా రాస్తానని ఉగాదికి టీమ్ లీడ్‌ని చేశారు. నా కింద ఆరుగురు. వాళ్ల పని నాకు నచ్చక రాత్రిళ్లు నేనే సరిచేస్తున్నా. మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పరు. ఒకాయన నాకంటే పదేళ్లు పెద్ద, ఆయన తప్పు ఆయనకెలా చెప్పాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ రాత్రి పని సంగతి. మీరు పన్నెండింటికి మార్చేసి పడుకుంటారు. పొద్దున కుర్రాడు వచ్చి చూస్తే తను రాసింది ఉండదు, ఎందుకు మార్చారో చెప్పేవాళ్లూ ఉండరు. ఇక మీదట సగం చేసి వదిలేస్తాడు. మిగతాది ఎలాగూ సారు చూసుకుంటారు కదా!

బాలానగర్‌లో మా ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద లోహపు భాగాలు చెక్కే టర్నర్ ఒకడు ఉండేవాడు. ఆయన చేసిన భాగానికి వెర్నియర్ పెట్టి కొలిచి చూస్తే వంక పెట్టడానికుండేది కాదు. సూపర్‌వైజర్‌ని చేశారు. కొలత కాస్త తేడా వస్తే చాలు, కుర్రాణ్ణి పక్కకు జరిపి తనే లేత్ దగ్గర నిలబడేవాడు. కుర్రాళ్లు హాయిగా టీకి పోయేవారు. షిఫ్టులో పని సగానికి పడిపోయింది.

మీ రంగంలోనే చూడండి. గూగుల్ తన మేనేజర్లను పరిశీలించిన ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ ఫలితాలు 2011లో బయటికొచ్చాయి. మంచి మేనేజర్ లక్షణాలు ఎనిమిదిట. మొదటిది నేర్పడం, రెండోది ప్రతిదాంట్లో వేలు పెట్టకపోవడం. సాంకేతిక నైపుణ్యం ఆఖరిది. అలాగని అది అక్కర్లేదని కాదు, అది లేకపోతే తప్పెక్కడుందో మీకే తెలియదు.

కాబట్టి కోడ్ ముట్టుకోకండి. కుర్రాణ్ణి పిలిచి ఆ లైను చూపించి, ‘ఇదెందుకిలా రాశావ్?’ అని అడిగి ఊరుకోండి. జవాబు అతన్నే వెతుక్కోనివ్వండి. రేపే క్లయింట్‌కి వెళ్లాల్సిన పని మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

మీటింగ్‌లో మీ అభిప్రాయం ముందే చెప్పేస్తున్నారేమో. సారు చెప్పాక కాదనేదెవరు? జూనియర్‌తో మొదలుపెట్టించి, మీరు చివర్న మాట్లాడండి.

పెద్దాయన్ని ‘గారు’ అనే పిలవండి. మీ ఆఫీసుల్లో అందరూ పేరుపెట్టే పిలుచుకుంటారని తెలుసు, అయినా సరే. తప్పుంటే గ్రూపులో పెట్టకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆయనకు పని తెలియడం లేదా, లేక ఆ లీడ్ పోస్టు తనకు రావాల్సిందన్న కినుకా? రెండోదైతే కోడ్ గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు. ఒక మాడ్యూల్, అంటే ప్రాజెక్టులో ఒక భాగం, పూర్తిగా ఆయనకే అప్పగించి, మీరు దాని జోలికి పోకండి.