లాగ్ బయట, ట్రాన్సాక్షన్ లోపల: తలకిందులుగా పెట్టి నేను పడ్డ తిప్పలు

స్ప్రింగ్‌లో (జావా ప్రోగ్రామ్‌లు రాసే చట్రం) ప్రతి మెథడ్‌లోనూ లాగింగ్ (జరిగింది రాసిపెట్టడం), ట్రాన్సాక్షన్ (డేటాబేస్ మార్పులన్నీ కలిసి ఖాయం కావడం, లేదా ఏదీ కాకపోవడం) కోడు పేరుకుపోయిందని, వాటిని పాలసీలుగా (మెథడ్ చుట్టూ పొరల్లా నడిచే విడి కోడుగా) విడదీస్తే ఏది ముందు నడవాలని ఒకరు అడిగారు. లాగ్ బయటి పొరగా ఉండాలి, ట్రాన్సాక్షన్ లోపలి పొరగా ఉండాలి.

నేను విజయనగరంలో ఉంటూ పలాసలోని ఒక జీడిపప్పు పరిశ్రమకు సరుకు లెక్కల ప్రోగ్రామ్ రాశాను. అప్పుడు లాగ్‌ను లోపల పెట్టాను. మెథడ్ సజావుగా ముగియగానే '12 బస్తాల పిక్కలు గోదాము నుంచి వెళ్ళాయి' అని ఫైల్లో పడేది. అయితే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక నిబంధనను కమిట్ వేళ (మార్పులు ఖాయమయ్యేటప్పుడు) సరిచూసేలా వాయిదా వేశాను. అది అక్కడ విఫలమై మొత్తం వెనక్కి పోయేది. లాగ్‌లో బస్తాలు వెళ్ళాయి, స్టాకులో కదలనే లేదు. 80 కిలోల బస్తాలు పన్నెండు! యజమాని గుమస్తాను నిలదీశాడు. పాపం, తప్పు నాది.

క్రమం అమర్చడం తేలికే: ఆర్డర్ అంకె ఎంత చిన్నదైతే ఆ పొర అంత బయట ఉంటుంది. ట్రాన్సాక్షన్ పొరకు డిఫాల్ట్‌గా అన్నిటికన్నా పెద్ద అంకె ఉంటుంది కాబట్టి లాగ్ ఆస్పెక్ట్‌కు (లాగ్ పాలసీ రాసిన క్లాసుకు) 100 ఇచ్చినా చాలు. ఏ అంకే ఇవ్వకపోతే రెండూ సమానమై, ఏది బయట ఉంటుందో చెప్పలేం.

లాగ్‌ను డేటాబేస్ పట్టికలోనే రాయాలంటే చాలామంది 'రిక్వైర్స్ న్యూ' (వేరుగా కొత్త ట్రాన్సాక్షన్ తెరిచే అమరిక) వాడమంటారు. పనిచేస్తుంది, కానీ మొదటి కనెక్షన్ చేతిలో ఉండగానే రెండోది అడుగుతుంది. హికారీ పూల్‌లో (డేటాబేస్ కనెక్షన్లను సిద్ధంగా ఉంచి పంచేది) డిఫాల్ట్‌గా ఉండేవి 10 కనెక్షన్లే. పది అభ్యర్థనలు ఒకేసారి వస్తే అన్నీ రెండో కనెక్షన్ కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోతాయి. లాగ్ బయట ఉంటే మొదటిది విడుదలయ్యాకే రాస్తుంది. అయితే ఆ పాలసీని సర్వీసుల గుమ్మం దగ్గర ఒక్కచోటే తగిలించండి. ఒక సర్వీస్ మరో సర్వీస్‌ను పిలిస్తే, లోపలి లాగ్ బయటి ట్రాన్సాక్షన్‌లో కలిసిపోయి దానితోపాటే చెరిగిపోతుంది.

ఒకే క్లాసులోని మెథడ్ మరొకదాన్ని నేరుగా పిలిస్తే ఆ పిలుపు ప్రాక్సీని (పాలసీలను నడిపే మధ్య పొరను) తాకకుండా దాటిపోతుంది, ఏ పాలసీ నడవదు. చెక్డ్ ఎక్సెప్షన్ (జావా ముందే పట్టించుకోమనే రకం లోపం) వస్తే డిఫాల్ట్‌గా రోల్‌బ్యాక్ (మార్పులు వెనక్కి పోవడం) జరగదు, కమిట్ అవుతుంది. 'రోల్‌బ్యాక్ ఫర్' రాయాల్సిందే. ఈ రెండోది నాకు ఒక ఆదివారం మొత్తం తినేసింది.